మల్లన్న దారి

ఒంగోలు మైదానం నుంచి నల్లమల శిఖరం దాకా సుమారు 180 కిలోమీటర్లు. శివరాత్రి వస్తోందంటే ఇప్పటికీ ఊళ్లకు ఊళ్లు కాలినడకన బయల్దేరుతున్నాయి. నడిచేవాళ్లు తగ్గలేదు. వాళ్లు అడుగు పెట్టే చోటే తగ్గిపోతోంది.

తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. దోర్నాల సెంటర్లో టీ బంకుల మీద పాలు పొంగుతున్నాయి. మూసి ఉన్న కొట్ల వరండాల్లో, ప్రహరీల పక్కన పరుచుకున్న పట్టాల మీద జనం ఒక్కొక్కరే లేస్తున్నారు. దుప్పటి మడిచి సంచిలో కుక్కుకునేవాళ్లు కొందరు. పంపు దగ్గర ముఖం కడుక్కుని విభూతి పెట్టుకునేవాళ్లు ఇంకొందరు. అరవై దాటిన ఒకావిడ నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్కన కుర్రాడు, మనవడు కాబోలు, సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నాడు. ఆవిడ చిన్న సీసాలోంచి ఆముదం అరచేతిలో వంచుకుని, రెండు చేతులూ రుద్ది, పాదాలకు పట్టిస్తోంది. మడమ పగుళ్లలోకి నూనె దిగేదాకా బొటనవేలితో నొక్కుతోంది. ఎడమ పాదం కింద రూపాయి బిళ్లంత బొబ్బ. దానిమీద పాత నూలు చీర పేలిక మడతపెట్టి కట్టింది. ముడి బిగించి, లేచి, రెండడుగులు వేసి చూసుకుంది.

"పదరా అబ్బాయా" అంది.

పొదిలి పక్క పల్లె వాళ్లది. చెప్పులు వేసుకోలేదు. దోర్నాల దాటితే చెక్‌పోస్టు, చెక్‌పోస్టు దాటితే అడవి. అక్కడి నుంచి శ్రీశైలం ఇంకా 50 కిలోమీటర్లు. ఈ పూట ఎండెక్కేలోపు ఎంత దూరం పోతే అంత మేలు. ఎవరో "ఓం నమః శివాయ" అని గొంతెత్తారు, ముందున్న గుంపు అందుకుంది. చేతికర్రల చప్పుడు తారురోడ్డు మీద సాగిపోయింది.

మాఘమాసం సగం గడిచిందంటే ప్రకాశం, పల్నాడు, గుంటూరు పల్లెల నుంచి నల్లమలకు వెళ్లే రోడ్లన్నిటి మీదా ఇలాంటి గుంపులే. ఈమధ్య మన పిల్లలు ఆల్ప్స్‌కు వెళ్లి, మోబ్లాఁ పర్వతం చుట్టూ రోజుల తరబడి నడిచి, పచ్చిక బయళ్ల ఫొటోలు పంపుతున్నారు. ఆ బాట పొడవు సుమారు 170 కిలోమీటర్లు. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాలనూ చుట్టి వస్తుంది. ఇంచుమించు అంతే దూరం మన ఒంగోలు నుంచి మన శ్రీశైలానికి. ఆ బాటకు ఎన్నో పుస్తకాలున్నాయి, పటాలున్నాయి. ఈ బాటకు ఎక్కడ నీళ్లు దొరుకుతాయో చెప్పే పలకైనా లేదు. నడిచినవాళ్ల నోటిమాటే దీనికి పటం.

మైదానం మెల్లగా కొండెక్కుతుంది

ఒంగోలు కర్నూలు రోడ్డు పట్టుకుని పడమటికి బయల్దేరినవాళ్లకు మొదట్లో నల్లమల ఆనవాలే ఉండదు. ఊరి చుట్టూ నల్లరేగడి. శనగ పీకేసిన చేలు, ఆకు తీసేసిన పొగాకు మోళ్లు, దూరంగా బ్యారన్ల పొగ. చీమకుర్తి చేరేసరికి నేల రంగు మారి, కళ్లలో దుమ్ము పడుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడిదే. ప్రపంచమంతా అంతస్తుల్లో పరుచుకునే ఆ రాళ్లను మోసుకెళ్లే లారీలు ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. నడిచేవాళ్లకు దారి మొత్తంలో ఇక్కడే ఎక్కువ భయం. అడవిలో పులి ఎదురవుతుందని భయపడేవాళ్లకన్నా చీమకుర్తి దగ్గర లారీకి భయపడేవాళ్లే ఎక్కువ.

పొదిలి దాటాక ఊళ్లు దూరమవుతాయి, నేల ఎర్రబడుతుంది. ఈ పడమటి మండలాల కష్టం అంతా నీళ్లదే. వాన తక్కువ, బోర్లు లోతు, చాలా ఊళ్లలో నీళ్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే ఇళ్లు ఎన్నో. అలాంటి పల్లెల ముందు, వేపచెట్టు కింద, తడిగుడ్డ చుట్టిన కుండలు వరసగా కనిపిస్తాయి. "స్వామీ, మజ్జిగ తాగి పోండి" అని పిలిచేది ఆ ఇళ్ల ఆడవాళ్లే. కొనుక్కున్న నీళ్లలో పెరుగు కలిపి, ఉప్పు, కరివేపాకు వేసి, దారిన పోయేవాళ్లకు పోస్తున్నారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆ మజ్జిగ గ్లాసును ఎవరూ తేలిగ్గా అందుకోలేరు.

మార్కాపురం ఒకప్పుడు దేశంలో పిల్లల చేతికి పలకలు అందించిన ఊరు. అక్కడి చెన్నకేశవస్వామి గుడి నీడలో ఒక పూట సేదదీరి, గుంపులు మళ్లీ కదులుతాయి. అక్కడి నుంచి పెద్దారవీడు, దోర్నాల వైపు రోడ్డుకు రెండు పక్కలా మిర్చి కల్లాలు. శివరాత్రి కాలం సరిగ్గా కాయ కోతల కాలం. పరదాల మీద ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడకూలీలు గొంతుకూర్చుని తాలుకాయ ఏరుతుంటారు. ఘాటుకు నడిచేవాళ్ల కళ్లలో నీళ్లు, గొంతులో దగ్గు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ మేర దాటేస్తారు. కల్లంలో పనిచేసేవాళ్లు పని ఆపి, రోడ్డు పక్కకు వచ్చి, దీక్షలో ఉన్న వాళ్ల కాళ్లకు దండం పెట్టి, కొంగు ముడి విప్పి పదో ఇరవయ్యో చేతిలో పెడతారు. "మా పేరు చెప్పి ఒక దండం పెట్టండి" అంటారు. కోతలు వదిలి రాలేనివాళ్ల మొక్కు అలా నడిచేవాళ్ల చేతుల్లో కొండెక్కుతుంది.

ఈ దారికి తోడు గుండ్లకమ్మ. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా ఉత్తరానికి పోయి, మళ్లీ తిరిగి అద్దంకి దాటి ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది కొండ నుంచి సముద్రానికి పోతుంటే యాత్రికులు సముద్రం వైపు నుంచి కొండకు పోతారు. మధ్యలో మార్కాపురం ప్రాంతంలో ఒకరినొకరు దాటుకుంటారు. ఆ కాలానికి నదిలో చాలాచోట్ల ఇసుకే. అయినా చెలమ తీసి, చెంబుతో నీళ్లు తోడుకుని, తలమీద చల్లుకుని గాని ముందుకు కదలని పెద్దవాళ్లున్నారు.

> నాలుగు వాకిళ్లు
>
> శ్రీశైల క్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ప్రధాన ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన కడప దగ్గర సిద్ధవటం, పడమట తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తరాన అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. మన వైపు యాత్రికులది తూర్పు వాకిలి. త్రిపురాంతకం కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. గుడిలోంచి శ్రీశైలానికి బిలమార్గం ఉందని జనం చెప్పుకుంటారు. వినుకొండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ ఆగి, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరతారు.

అద్దంకి రాజు వేయించిన మెట్లు

ఈ నడక ఈనాటిది కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఒక ప్రకరణం మొత్తం శ్రీశైలానికే ఇచ్చాడు. దానిపేరే పర్వత ప్రకరణం. శివరాత్రికి గుంపులుగా కొండెక్కే భక్తులు, వాళ్ల వేషాలు, వాళ్ల ఆటపాటలు అందులో కళ్లకు కట్టినట్టుంటాయి. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు అని ఆ రోజుల్లో జనం పాడుకున్న పాటల పేర్లు మనకు మిగిలింది ఆ రచన వల్లే. నడిచేవాళ్లు పాడుకోబట్టి ఆ పాటలు పుట్టాయి. తెలుగు జానపద సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ ముందుగా తెరిచే పుటలు అవి.

ఇక మెట్ల సంగతి. కాకతీయ రాజ్యం 1323లో కూలిన తర్వాత తీరాంధ్రలో లేచి నిలబడినవాడు ప్రోలయ వేమారెడ్డి. అద్దంకి రాజధానిగా ఏలాడు. ఆ వంశపు రాజధాని తర్వాత కొండవీటికి మారింది. ఎఱ్ఱాప్రగడను ఆదరించినవాడూ ఆయనే. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన రాజుగా చరిత్ర ఆయన్ను గుర్తుపెట్టుకుంది. గుండ్లకమ్మ ఒడ్డున రాజధాని పెట్టుకున్నవాడు, తన జనం కొండెక్కడానికి పడుతున్న పాట్లు చూసి రాళ్లు చెక్కించి పరిపించాడు. ఆ వంశంలోని అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. రాజులు గుళ్లకు గోపురాలు కట్టించడం మామూలే. నడిచేవాళ్ల కాళ్ల కోసం కట్టించిన రాజును నేను అంతకన్నా పెద్ద మనసున్నవాడిగా లెక్కవేస్తాను.

ఆ పాత మెట్ల దారి ఆత్మకూరు వైపుది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఈ పేర్లు వరసగా చెబితే కర్నూలు సీమలో పెద్దవాళ్లకు కాళ్లు లాగుతాయి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి నిటారుగా ఎక్కాలి. నడక మొత్తంలో గుండె దడదడలాడేది ఆ మెట్ల మీదే. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, దారిలో ఆత్మకూరు వైపు నుంచి ఈ కొండెక్కాడు. అప్పటికి ఈ సీమ కర్నూలు నవాబు ఏలుబడిలో ఉంది. అడవి, మజిలీలు, యాత్రికుల దగ్గర వసూలు చేసే సుంకాలు అన్నీ ఆయన రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' చదివినవాళ్లకు ఒక విషయం తెలుస్తుంది. అప్పట్లో దూరాన్ని మజిలీలతో కొలిచేవాళ్లు. మజిలీ అంటే బస, నీళ్లు, నీడ ఉన్న చోటు. ఆ మూడూ లేని చోట దారి ఎంత చదునుగా ఉన్నా లాభం లేదు.

ఏం మొక్కుకుని నడుస్తారు?

అడిగితే ముందు నవ్వుతారు. రెండు కిలోమీటర్లు పక్కన నడిస్తే అప్పుడు చెబుతారు. కొడుక్కి ఉద్యోగం, కూతురికి సంతానం, ఆపరేషన్ తప్పి బయటపడిన తండ్రి. మిర్చి రైతులైతే ధర మాట ఎత్తకుండా ఉండరు. 2025 ఫిబ్రవరిలో, సరిగ్గా శివరాత్రి ముందు, ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలుగా ధర ప్రకటించాల్సి వచ్చింది. కౌలుకు తీసుకుని, ఎకరాకు లక్షలు పెట్టుబడి పెట్టినవాడికి ఆ అంకె ఏమూలకు వస్తుంది? అలాంటి ఏడాది కొండకు నడిచే రైతు దేవుడితో మాట్లాడుకునే మాటలు వేరుగా ఉంటాయి.

శివమాల వేసుకుని మండల దీక్ష చేసి, ఇరుముడితో నడిచే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఊళ్లో ఒక గుంపు బయల్దేరితే మరుసటేడు పక్క వీధి బయల్దేరుతుంది. ముందు ఒక ట్రాలీ ఆటో, దానిమీద మైకు, వంట సామాను, వెనక యాభై మంది. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లున్నారు, ప్రతి మలుపులో వీడియో తీసి పెట్టేవాళ్లున్నారు. దానివల్ల భక్తి తగ్గిపోయిందనడం నాకు ఇష్టం లేదు. సోమనాథుడి కాలంలోనూ భక్తులు పాడుతూ, ఆడుతూ, వేషాలు వేస్తూనే కొండెక్కారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆడవాళ్ల నడక. పొద్దున లేస్తే పొయ్యి, పాడి, చేను, మళ్లీ పొయ్యి. సంవత్సరంలో ఎవరికీ వండి పెట్టకుండా, ఎవరి పిలుపుకూ లేవకుండా, తన ఈడు వాళ్లతో మాట్లాడుకుంటూ గడిపే వారం రోజులు వాళ్లలో చాలామందికి ఈ నడక ఒక్కటే. రోడ్డు పక్క చెట్టు కింద కాళ్లు చాపుకుని, వక్కాకు నములుతూ, పగలబడి నవ్వుతున్న నడివయసు ఆడవాళ్ల గుంపును ఈ దారిలో తప్ప ఇంకెక్కడ చూస్తాం? మొక్కు పేరు చెబితేనే ఇంట్లో ఒప్పుకుంటారు కాబట్టి మొక్కు పేరు చెబుతారు.

ఆ ఆడవాళ్లే ఈ దారిలో ఎక్కువ కష్టపడేదీ. మరుగుదొడ్లు లేవు. పగలంతా లారీలు తిరిగే రోడ్డు, ఆకు రాల్చిన తుప్పలు. అందుకని దాహమేసినా నీళ్లు తాగకుండా బిగబట్టుకుని నడుస్తారు. మధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి పడిపోతే వడదెబ్బ అంటాం. అసలు కారణం పొద్దుటి నుంచి గుక్క నీళ్లు తాగకపోవడం. భక్తులకు ఏర్పాట్లు అనగానే పందిళ్లు, స్వాగత ద్వారాలు గుర్తొచ్చేవాళ్లు ముందుగా ఈ ఆడవాళ్లను అడగాలి.

> చీరాల నేసే తలపాగా
>
> శివరాత్రి నాడు మల్లన్నకు చుట్టే తలపాగా మన తీరం నుంచే వెళ్తుంది. చీరాల ప్రాంతంలోని ఒక దేవాంగ కుటుంబం తరతరాలుగా ఆ వస్త్రాన్ని నేస్తోంది. రోజుకు ఒక మూర చొప్పున, నియమంతో, ఏడాది పొడవునా నేత సాగుతుంది. శివరాత్రి రాత్రి ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో నేతకారుడు దిగంబరుడై గర్భాలయ విమాన శిఖరం ఎక్కి, అక్కడి నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ వస్త్రాన్ని చుడతాడు. దీన్నే పాగాలంకరణ అంటారు. అది పూర్తయ్యాకే స్వామికీ అమ్మవారికీ కల్యాణం.

కన్నడ దేశపు ఆడపడుచు

శివరాత్రి సందడి తగ్గీ తగ్గకముందే ఇంకో ప్రవాహం మొదలవుతుంది. ఉగాదికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి వీరశైవ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు. పుట్టింటివారు కూతురికి తెచ్చినట్టు చీర, సారె, పసుపు కుంకుమ తెస్తారు. కొందరు కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని, ఆ కర్రల మీదే నడుస్తూ వస్తారు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి ఒంటరిగా ఈ కొండకు నడిచి వచ్చింది. ఆమె తపస్సు చేసిందని చెప్పే గుహలు శ్రీశైలం దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్నాయి. ఉగాదికి వచ్చే ఈ కన్నడ భక్తుల్లో ఎక్కువమందిది వెంకటాపురం మెట్ల దారి. ఆ దారి పొడవునా కర్నూలు, నంద్యాల జిల్లాల పల్లెలు జొన్నరొట్టెలు, అంబలి పెట్టి ఆదరిస్తాయి. భాష రాకపోయినా పెట్టేవాళ్లకూ తినేవాళ్లకూ ఇబ్బంది లేదు.

అడవిలో అడుగుపెట్టాక

దోర్నాల చెక్‌పోస్టు లోపలిదంతా నాగార్జునసాగర్-శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. మామూలు రోజుల్లో రాత్రిపూట వాహనాలను లోపలికి పోనివ్వరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ అడవి సగం ఆకు రాల్చేసి ఉంటుంది. ఏగి, నల్లమద్ది, తునికి మోడుల మధ్య ఎక్కడో ఒక మోదుగ ఎర్రగా పూస్తుంది. ఒక నిప్పురవ్వ పడితే కొండ కొండంతా అంటుకునే కాలం కూడా అదే. అందుకే దారిలో పొయ్యి పెట్టొద్దని, ప్లాస్టిక్ తేవొద్దని అటవీశాఖ గట్టిగా చెబుతుంది. అది మనమంతా పాటించి తీరాల్సిన మాట. పండగ అయిన మర్నాడు రోడ్డు పక్కన విస్తరాకులు, కవర్లు, సీసాలు గుట్టలుగా పడి ఉండటం, వాటిలో కోతులు, దుప్పులు మూతులు పెట్టడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

తుమ్మలబైలు, చిన్నారుట్ల లాంటి చెంచుగూడేలు ఈ దారిలోనే ఉన్నాయి. ఈ కొండ అసలు యజమానులు చెంచులే. మల్లన్న వాళ్ల అల్లుడు, చెంచు మల్లయ్య. తేనె, జిగురు, నన్నారి వేర్లు ఏరి బతికే జనం. పులి జాడ చూసే వాచర్లుగా, అగ్గి ఆర్పేవాళ్లుగా అడవిని కాచేదీ వాళ్లే. దారి తప్పిన యాత్రికుణ్ని మళ్లీ గుంపులో కలిపేదీ వాళ్లే. పండగ నాలుగు రోజులూ వాళ్ల గుమ్మాల ముందు నుంచి జనం పోతుంటారు. గూడెంలో పిల్లల చదువు, ఆడవాళ్ల కాన్పులు, రక్తహీనత గురించి ఆ జనంలో ఎంతమంది ఆగి అడుగుతారు?

దోర్నాల పక్కనే, కొత్తూరు దగ్గర, ఇదే కొండ కింద వెలిగొండ సొరంగాలు పోతున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లను పడమటి ప్రకాశానికి తేవడానికి ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైగా తొలిచారు. కొండ మీద జనం నీళ్ల కోసం మొక్కుకుంటూ నడుస్తుంటే, కొండ కింద ఆ నీళ్ల కోసం తవ్విన దారి. పొదిలి, కనిగిరి, మార్కాపురం పల్లెల్లో ఒక తరం ఎదురుచూపులోనే ముసలిదైపోయింది.

ఘాట్ మలుపులన్నీ ఎక్కి శిఖరేశ్వరం చేరేసరికి ఎంత అలసినవాళ్లైనా పరుగెడతారు. సముద్రమట్టానికి 2,830 అడుగుల ఎత్తు. నువ్వులు పోసి, రాతి నందిని తిప్పి, కొమ్ముల మధ్యలోంచి దూరాన మల్లన్న గోపుర శిఖరాన్ని చూడాలి. కనిపిస్తే పునర్జన్మ లేదని నమ్మకం. అక్కడి నుంచి హటకేశ్వరం, సాక్షి గణపతి. మనం వచ్చినట్టు కైలాసంలో సాక్ష్యం చెప్పేది ఆ గణపతేనంటారు. ఇక గుడి చేరినట్టే.

స్విట్జర్లాండ్ వాళ్లు ఓటేసి కాపాడుకున్నారు

ఆల్ప్స్ బాటలు అందమైనవి కాబట్టి ప్రసిద్ధికెక్కాయని అనుకుంటాం. అందం ఒక్కటే చాలదు. 1979లో స్విట్జర్లాండ్ ప్రజలు దేశమంతా ఓటు వేసి కాలిబాటల రక్షణను రాజ్యాంగంలో చేర్చుకున్నారు. తర్వాత వచ్చిన చట్టంలో ఒక నిబంధన నాకు ఎంతో నచ్చింది. నడక బాట మీద చాలా దూరం తారు పోసినా, వాహనాల వల్ల బాట పనికిరాకుండా పోయినా, దానికి బదులు ఇంకో బాట చూపించాలి. అక్కడ ఇప్పుడు సుమారు 65,000 కిలోమీటర్ల కాలిబాటలున్నాయి. ప్రతి కూడలిలో పసుపు పలక. ముందున్న ఊరికి నడిచి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో దానిమీద రాసి ఉంటుంది.

యాత్రా బాటలకు ప్రపంచ గుర్తింపు కూడా ఉంది. స్పెయిన్‌లో సాంతియాగో దారిని యునెస్కో 1993లో, జపాన్‌లో కుమానో కొండల యాత్రా బాటలను 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దారుల వెంట చిన్న చిన్న పల్లెలు యాత్రికులకు బస ఇచ్చి, భోజనం పెట్టి బతుకుతున్నాయి. పొలం పనులు తగ్గి ఖాళీ అయిపోతున్న ఊళ్లకు నడిచేవాళ్లే ఆధారమయ్యారు.

మన దగ్గర ఏం జరిగింది? కాలిబాట బండ్ల బాట అయింది, బండ్ల బాట తారురోడ్డు అయింది, తారురోడ్డు వెడల్పయింది. వెడల్పు చేసినప్పుడల్లా పక్కనున్న పాత చింతలు, రావులు పోయాయి. నడిచేవాళ్లకు తెల్లగీతకు అవతల మూరెడు జాగా మిగిలింది. చీకట్లో, వెనక లైట్లు కళ్లల్లో కొడుతుంటే, వట్టి కాళ్లతో కంకర మీద నడవాలి. దేవుడి దగ్గరికి పోతూ రోడ్డు ప్రమాదంలో చనిపోయినవాళ్ల వార్త ప్రతి సీజన్లో ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం.

కొందరు నల్లమలలో ఏడాది పొడవునా ట్రెక్కింగ్ దారులు తెరవాలంటున్నారు. నేను ఒప్పుకోను. అది పులి ఇల్లు, చెంచుల ఇల్లు. పండగల్లో అటవీశాఖ చూపించిన దారిలో, చెప్పిన వేళల్లో నడిస్తే చాలు. బాగుచేసుకోవాల్సింది అడవి బయటి దారి. ఒంగోలు నుంచి దోర్నాల దాకా 130 కిలోమీటర్లు, త్రిపురాంతకం నుంచి దోర్నాల దాకా ఇంకో పాయ. ఈ రెంటి మీదా చాలామేర పులి లేదు, అటవీ చట్టం అడ్డు లేదు. చెట్లు నాటితే నీడ, తవ్వితే బాట.

> నడిచేవాళ్లకు నాలుగు మాటలు
>
> తెల్లవారుజామున బయల్దేరి తొమ్మిదిలోపు ఆగాలి. మళ్లీ ఎండ వాలాకే కదలాలి. రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా నడవాలి. సంచికి, కర్రకు వెలుగు పడితే మెరిసే పట్టీ అంటించుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతుండాలి. నీళ్లతో పాటు ఉప్పు, చక్కెర కూడా ఒంటికి కావాలి. షుగర్ ఉన్నవాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదు. పాదానికి స్పర్శ తగ్గినవాళ్లకు గాయమైనా తెలియదు, అది ముదిరితే వేలో కాలో తీసేయాల్సి వస్తుంది. అడవిలో రోడ్డు దిగొద్దు, గుంపు వదలొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు.

నెల రోజుల పని

శివరాత్రికీ ఉగాదికీ మధ్య సుమారు నెల రోజులు. దర్శనం చేసుకున్నవాళ్లు ఆర్టీసీ బస్సెక్కి, వారం నడిచిన దూరాన్ని ఒక్క పూటలో దాటేసి ఇళ్లకు చేరతారు. పందిళ్లు విప్పేస్తారు, మళ్లీ మాఘం వచ్చేదాకా ఈ దారి ఊసు ఎవరూ ఎత్తరు. ఈసారి అలా వదలకూడదు. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీలు, దేవస్థానం, దారి పొడవునా మజ్జిగ పోసే పల్లెలు ఒకచోట కూర్చుంటే చేయలేనంత పెద్ద పనేం కాదిది. తారు అంచు నుంచి బారెడు దూరంలో మట్టిబాట, అయిదు కిలోమీటర్లకో మంచినీళ్ల కుళాయి, పక్కనే తలుపూ గడియా ఉన్న మరుగుదొడ్డి, స్నానాల గది. మార్కాపురం పలకరాయి ఉండనే ఉంది, చీమకుర్తి గ్రానైట్ ముక్కలు ఉండనే ఉన్నాయి. వాటిమీద తర్వాతి మజిలీ పేరు, నడవాల్సిన గంటలు చెక్కించి పాతాలి. మొదటి రాయి ఒంగోలు కర్నూలు రోడ్డు మొదట్లో, చివరిది దోర్నాల చెక్‌పోస్టు ముందు.